కాసమ్మ, తంతి కంబం

కాసమ్మ సీసం గుళ్ళు కొనే తీరే వేరు. బరంపురం పెద్ద బజారులో మాది వల నూలు, తాళ్ళు, వలకు బరువుగా కట్టే సీసం గుళ్ళు అమ్మే దుకాణం. సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చే జాలరులు గుండును అరచేతిలో వేసుకుని ఎగరేసి చూసేవారు. కాసమ్మ మాత్రం రెండు గుళ్ళు చెవి దగ్గర పెట్టుకుని ఒకదానితో ఒకటి తాటించి వినేది. లోపల బుడగ ఉన్న గుండు పొడిగా మోగుతుందని ఆమె నమ్మకం. ఆమె ఏరి పక్కన పెట్టినవాటిని నేను తర్వాత కరిగించి చూసేవాణ్ణి. ఒకోసారి బుడగ ఉండేది, ఒకోసారి ఉండేది కాదు. లేదని చెప్పినా ఆమె ఒప్పుకునేది కాదు.

"గాలిని కూడా సీసంలో ఎట్టి అమ్మేత్తన్నారు బాబూ" అని నవ్వేది.

మార్కండిలో పుట్టింది, పొడంపేట కోడలు. రుషికుల్య సముద్రంలో కలిసే చోట, ఒకవైపు ఏరు, ఒకవైపు కెరటాలు, మధ్యలో ఇసుక దిబ్బ మీద ఉంటుంది ఆ ఊరు. మనిషి పొడగరి. చేపల గంప మోసి మోసి ఒక భుజం కిందికి దిగింది. పిల్లలు పుట్టారు గానీ నిలవలేదు. మాటకారి. మొగుడి పేరు మాత్రం ఎప్పుడూ నోట పలకలేదు, "మా మావ" అనేది. ఆ మావ పేరు సూరన్న. అతని గురించి చెప్పకపోతే కాసమ్మ గురించి చెప్పినట్టు కాదు.

సూరన్న వాళ్ళ పడవకు చెవి. అంటే ఏమిటో మొదట నాకూ తెలియదు, దుకాణం అరుగు మీద కూర్చుని అతనే చెప్పాడు. నడిసముద్రంలో పడవ ఆపి, తెడ్డును నిలువుగా నీళ్ళలోకి దించి, పిడి కొసకు చెవి ఆనించి వింటాడు. కింద కవ్వళ్ళనే చిన్న చేపల మంద పోతుంటే తాటాకుల మీద వాన కురిసినట్టు వినబడుతుందట. పెద్ద చేపల గుంపైతే గొంతులో కఫం కదిలినట్టట. చెవి వింటున్నంతసేపు పడవలో ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు. మరి విన్నదాన్ని మిగిలినవాళ్ళకు ఎలా తెలపాలి? చెవి మనిషి నోరు మూసుకుని, ముక్కుతో లోతుగా ఒకే స్వరం తీస్తూ ఉంటాడు. ఆ మూలుగు నడుస్తున్నంతసేపు ‘ఉండండి, ఇంకా కాలేదు’ అని. చేతులు వల మీదే ఉంటాయి, వల మాత్రం జారదు. మంద సరిగ్గా అడుగుకు వచ్చిందనుకున్న క్షణాన ఆ స్వరం తెగుతుంది. తెగడమే ఆజ్ఞ. అందరి చేతులూ ఒక్కసారి తెరుచుకుంటాయి, వల దిగిపోతుంది.

చిన్నప్పటి నుంచి అలవాటైన చేతులు అవి. ఆలోచించి తెరుచుకునేవి కావు.

ఇందులో ఇంకో కట్టుబాటు ఉంది. చెవి మనిషి తెడ్డు ఇంకెవరూ ముట్టరు. బతికుండగా తన చేత్తో తానే ఇవ్వాలి, పోతే పెళ్ళాం చేత్తో ఇవ్వాలి. అలా చేతికి రాని తెడ్డుకు సముద్రం ఏమీ వినిపించదంటారు.

వరుసగా చేపల రాక తగ్గిన ఏళ్ళు వచ్చాయి. ఆ ఒడ్డు ఊళ్ళ మగవాళ్ళు అప్పటికే గోపాలపురం రేవులో స్టీమరెక్కి రంగం పోయి, బియ్యం మిల్లుల్లో పనిచేసి వస్తూ ఉండేవారు. రంగూనును అందరూ రంగమనే అనేవారు. సూరన్నా బయలుదేరాడు. తెడ్డును ఇంటి దూలానికి వేలాడదీసి, వానలకు ముందే వచ్చేస్తానన్నాడు. రేవు ఇసుకలో పడవ ఎక్కబోయే ముందు, అందరూ ఏడుపుల్లో ఉంటే, కాసమ్మ చెవి దగ్గర నోరు పెట్టి ఆ స్వరం తీశాడు. ఉండు, అని. ఆమెకు నవ్వొచ్చిందట. నవ్వుతూనే సాగనంపింది.

వానలు వచ్చాయి, పోయాయి. సూరన్న రాలేదు. రంగం నుంచి తిరిగొచ్చినవాళ్ళలో ఒకరు అతను ఎగువ ఏదో మిల్లుకు మారాడన్నారు. ఇంకొకరు జ్వరాల షెడ్డులో చూశామన్నారు, చూసింది అతన్నేనా అంటే తేల్చి చెప్పలేదు. మళ్ళీ వానలు వచ్చాయి.

పడవకు పెద్ద కూర్మయ్య, సూరన్నకు స్వయానా అన్న. నెమ్మదైన మనిషి. మరదలిని ఒక మాట అనడానికి నాలుగుసార్లు గుటకలు మింగేవాడు. కానీ చెవి లేని పడవ అడివిలో గుడ్డివాడిలా తిరుగుతోంది. పక్క పడవలవాళ్ళు ‘సెవిటి పడవొత్తంది, దారియ్యండ్రా’ అని ఎగతాళి చేసేవారు. సూరన్న తర్వాత చెవి పట్టగలవాడు వాళ్ళ పినతండ్రి కొడుకు పైడన్న. కుర్రతనం దాటినవాడే, చెవి మంచిదే. కావలసిందల్లా తెడ్డు. తెడ్డు కాసమ్మ చేత్తో రావాలంటే ఆమె ముందు గాజులు తీయాలి, మొగుడు లేడని ఒప్పుకోవాలి. ఊరి పెద్దల మాట అది. కాసమ్మ ఒప్పుకోలేదు. పడవ ఆకలి ఒకవైపు, ఆమె గాజులు ఒకవైపు. నేను చెప్పబోయే సంగతంతా ఈ రెంటి మధ్య జరిగింది.

ఉప్పు కొఠార్ల కోసం ఆ రోజుల్లో రుషికుల్య ముఖం దగ్గర ఏటికి అడ్డంగా తంతి తీగ వేశారు. ఇవతల దిబ్బ మీద ఒక ఎత్తైన టేకు కంబం, అవతల గట్టున ఇంకొకటి, మధ్యలో ఏటి మీద తీగ. అంత పొడుగు తీగ మధ్యలో ఆధారం లేకుండా ఆ చుట్టుపక్కల మరెక్కడా లేదు. దిబ్బ మీది కంబం పక్కనుంచే పొడంపేట దారి.

ఒక మిట్టమధ్యాహ్నం కాసమ్మ ఖాళీ గంపతో వస్తూ ఆ కంబానికి వీపు ఆనించి నిలబడింది. ఎండకు ఇసుక తెల్లగా కాలుతోంది, చుట్టుపక్కల పిట్ట లేదు. దక్షిణపు గాలి సన్నగా వీస్తోంది. వీపులోంచి ఏదో ఎముకల్లోకి పాకినట్టయిందట. తిరిగి కంబానికి చెవి ఆనించింది, మొగుడు తెడ్డుకు ఆనించినట్టే. చెక్క కాలిపోతూ ఉంది. లోపల సంతలా రకరకాల మోతలు. సన్నవీ లావువీ, ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి. వాటన్నిటి వెనకాల, దూరంగా, నోరు మూసుకుని ఒక మనిషి తీసే స్వరం.

ఆమె అక్కడే కూర్చుండిపోయింది. చెవి మీద కాలిన మచ్చ చాలాకాలం ఉంది, నేను చూశాను.

ఊళ్ళో చెబితే కూర్మయ్య మందలించడానికే వచ్చాడు. దిబ్బ ఎక్కుతూ ఉండగా గాలి కుదురుకుంది, మోత లేచింది. ఎత్తిన కాలు దించకుండా అలాగే నిలబడిపోయాడట ఆయన. నిలబడ్డానని తెలుసుకునేసరికి కొంతసేపైంది. మళ్ళీ మరదలిని ఏమీ అనలేదు. తర్వాత పడవ మనుషులు ఒక్కొక్కరే వచ్చి విన్నారు. కొందరికి వినబడింది, కొందరికి ఉత్త రొద. కానీ ఆ కంబం దగ్గర మాట్లాడటం మాత్రం అందరూ మానేశారు. పెళ్ళివాళ్ళు వెళ్ళినా మేళం ఆపి దాటేవారు. తీగ ఎక్కడి దాకా పోతుందని ఎవరో కొఠారు జవానును అడిగితే, కలకత్తా పోతుంది, అక్కణ్ణుంచి రంగం కూడా పోతుందన్నాడు. ఆ మాటతో ఊరు రెండైంది. సూరన్న బతికి అక్కణ్ణుంచి పలుకుతున్నాడని సగం మంది. పోయాడు, పోయి దారి తెలియక తీగ పట్టుకు వచ్చాడని సగం మంది. ఎటైనా అతను చెప్పేది ఒకటే: ఉండండి.

సరుకు బాకీ పని మీద పొడంపేట వెళ్ళినప్పుడు కాసమ్మ నన్నూ తీసుకెళ్ళి వినిపించింది. తంతి కంబాల హోరు నాకు కొత్తది కాదు. అయినా ఆ దిబ్బ మీద, ఆ ఎండలో, ఒక మనిషి గొంతు అని ముందే చెప్పి వినిపిస్తే వెన్ను మీద చెమట చల్లబడిన మాట నిజం.

దాని సంగతి నాకు కొంత తెలుసు. మా ఊరి చదువుల గదికి వచ్చే ఇంగ్లీషు పత్రికలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివే అలవాటు నాది. గాలి తీగను దాటేటప్పుడు తిన్నగా దాటదు. తీగ వెనక పైనొక సుడి, కిందొక సుడి, వంతులవారీగా పుట్టి కొట్టుకుపోతుంటాయి. ఏట్లో పాతిన వెదురు గెడ వెనక నీళ్ళు సుళ్ళు తిరిగినట్టే. ఒక్కో సుడీ తీగను ఒక్కో తోపు తోస్తుంది. గాలి జోరు పెరిగితే సుళ్ళు త్వరత్వరగా పుట్టి స్వరం పైకి పోతుంది. తీగ లావైతే స్వరం దిగుతుంది. దొరల దేశాల పండితులు దీని మీద లెక్కలు కట్టి ఇంకా ఎన్నో ఏళ్ళు కాలేదు. ఏటి గట్టున గెడ ఒకటి చూపించి ఇదంతా కాసమ్మకు చెప్పాను. ఓపిగ్గా వింది.

"గాలే బాబూ, నాను కాదన్నానేటి? మనిసి నోట్లోంచి వొచ్చేది మాత్రం గాలి కాదేటి?" అంది.



ఆ శీతాకాలం ఏటి మీది తీగ తెగింది. అతికిస్తే మళ్ళీ తెగింది, రెండుసార్లూ కంబానికి కట్టిన చోటే. తంతి లైన్‌మాన్ ధర్మలింగం విశాఖపట్నం వైపు మనిషి. సీసం కోసం మా దుకాణానికి వచ్చాడు. తీగ తెగేది బరువుకు కాదు, వణుకుకు అన్నాడు. ఇనుప రేకును అటూ ఇటూ వంచితే విరిగినట్టు, ఆ సన్నని వణుకే రాత్రింబగళ్ళు కొరికి కొరికి తెంపుతుంది. దానికి కొత్తగా ఒక ఉపాయం కనిపెట్టారట. జానెడు ఉక్కు పురి రెండు కొసలకూ చెరొక సీసం ముద్ద బిగించి, నడుమ ఇనుప పట్టుతో తీగకు వేలాడదీయాలి. తీగ వణికితే ముద్దలు ఊగుతాయి, ఆ ఊపులో వణుకు అరిగిపోతుంది. సీసం ముద్దలు మా పెరట్లోనే పోశాం. ధర్మలింగం వాటిని తీసుకెళ్ళి, నిచ్చెన మీద నిలబడి, కంబం నుంచి జానెడు దూరంలో తీగకు బిగించాడు.

ఆ తర్వాత జరిగింది విని మొదట నేను నమ్మలేదు.

తీగ నోరు మూతపడింది. సన్న మోతలు, లావు మోతలు, ఆ సంతంతా పోయింది. పెద్ద గాలి వీచినా కంబం మూగగా ఉంది. కానీ గాలి తగ్గి, దక్షిణం నుంచి ఒక పాటిగా వీచినప్పుడు మాత్రం ఒకే ఒక్క స్వరం లేచేది. అడ్డు లేదు, రొద లేదు. అంతకుముందు చెవి ఆనించి వెతుక్కోవలసినది ఇప్పుడు దిబ్బ కిందికే వినబడేది. కొందరికి వినబడుతుంది, కొందరికి లేదనే తగువు కూడా లేకపోయింది. సూరన్నతో పడవెక్కిన ప్రతివాడూ గుర్తుపట్టాడు. గాలిని ఆపడానికి బరువు కడితే గాలి పోయింది, మనిషి మిగిలాడు. ఊళ్ళో మాట ఇది.

పడవ ఒడ్డునే ఉండిపోయింది. కవ్వళ్ళు వచ్చే రోజులవి. తెల్లవారగానే ఒక మనిషి దిబ్బ మీద నిలబడి వినేవాడు. స్వరం ఉంటే పడవ కదలదు. గాలి మారి స్వరం తెగితే కింద పరుగులు, పడవను కెరటాల్లోకి తోయడం. మళ్ళీ స్వరం లేస్తే దిబ్బ మీది మనిషి తలగుడ్డ ఊపేవాడు, పడవను వెనక్కి లాగేవారు. ఒకరోజు పడవ కెరటాల మధ్యకు పోయాక తలగుడ్డ ఊగింది. అక్కడ వెనక్కి తిప్పకూడదని చంటిపిల్లలకు కూడా తెలుసు. తిప్పారు. కెరటం పక్కనుంచి కొట్టి పడవ బోల్తాపడింది. అందరూ ఒడ్డుకు పడ్డారు గానీ పైడన్న పడవ కింద చిక్కాడు. ఈడ్చి తీసేసరికి ఎడమ చెయ్యి విరిగి ఉంది, ఒళ్ళు నీలంగా ఉంది. కడుపులో నీళ్ళు కక్కించి బతికించారు.

మర్నాడు మధ్యాహ్నం కాసమ్మ దుకాణానికి వచ్చింది. గుళ్ళు తీసి చెవి దగ్గర పెట్టుకోలేదు, హాస్యమాడలేదు. అరుగు మీద కూర్చుని జరిగినదంతా చెప్పింది. పడవ తిప్పమని కూర్మయ్యే అరిచాడట, ఇప్పుడు అన్నం ముట్టడం లేదట. ఆఖరికి అడిగింది: అన్ని మోతలూ చచ్చి ఆ ఒక్కటీ ఎందుకు చావలేదు?

నేను వల నూలు పురి ఒకటి తీసి ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొస ఆమె చేతికిచ్చాను. ఊపమన్నాను. నెమ్మదిగా ఊపితే పురి అంతా ఒకే పొట్టగా ఊగింది. చెయ్యి జోరు చేస్తే రెండు పొట్టలైంది. రెంటి నడుమ ఒక చోట పురి కదలకుండా నిలబడింది.

"ఇలాగే ఉండనీ" అని, కదలని ఆ చోట ఒక సీసం గుండు బిగించాను. పురి ఏమీ ఎరగనట్టు ఊగుతూనే ఉంది. ఆమె చేతి జోరు మార్చింది, గుండు ఊగిసలాడి పురి చచ్చిపోయింది. మళ్ళీ పాత జోరుకు వచ్చింది, మళ్ళీ ఊగింది. ఎవరూ చెప్పకుండానే తానే చాలాసార్లు మార్చి మార్చి చూసింది. ఒక్కో స్వరానికి తీగ మీద కదలని చోట్లు వేరువేరుగా ఉంటాయని, ధర్మలింగం కట్టిన చోటు సరిగ్గా ఒక స్వరానికి కదలని చోటు అయిందని, అందుకే బరువు మిగతా అన్నిటినీ తినేసి దాన్ని ఒక్కదాన్నీ వదిలేసిందని చెప్పాను.

"అక్కడ కూకుంటే బరువు కూడా బరువు కాదన్నమాట" అంది.

తర్వాత గుండును తన వేళ్ళతో కొద్దిగా పక్కకు జరిపి ఊపింది. పురి చేతిలోనే చచ్చింది. ఎంత జోరు చేసినా, ఎంత తగ్గించినా ఆ పాత ఊపు రాలేదు. కొస చేతిలో అలాగే పట్టుకుని కూర్చుంది. బజారులో బళ్ళు పోతున్నాయి, ఎదుటి కొట్టు బాబూరావు ఎవరితోనో ఒడియాలో బేరమాడుతున్నాడు. ఆమెకు ఇవేవీ వినబడుతున్నట్టు లేదు.

"అక్కడ కూడా ఇలాగే జరపొచ్చా బాబూ?"

జరపొచ్చన్నాను. సగం జానెడు చాలు.

"జరిపితే మరింక యినబడదు."

"వినబడదు, కాసమ్మా."

ఆమె నా మొహంలోకి చూసింది. "మీకు తెలిసింది సెప్పినారు. గాలన్నారు, సుడన్నారు, సీసమన్నారు. అన్నీ ఒప్పుకున్నాను. ఒక్కటి సెప్పండి. ఇన్ని సోట్లుండగా ఆ మనిసి సెయ్యి సరిగ్గా అక్కడికే ఎందుకెల్లింది?"

ఆ చోట కట్టమని ధర్మలింగానికి ఎవరూ చెప్పలేదు. తర్వాత నేనే అడిగాను. నిచ్చెన మీద ఏ చోటు వీలైతే అక్కడ బిగించానన్నాడు. పత్రికల్లో గాలికీ తీగకూ లెక్క ఉంది. ఆ చేతికి లెక్క లేదు. ఆమెకు కూడా నాకు తెలియదనే చెప్పాను. తెలియదన్నందుకు ఆమె సంతోషించినట్టే కనిపించింది.

లేచి వెళుతూ ధర్మలింగాన్ని పిలిపించమంది. పడవ మనుషులంతా అక్కడ ఉండాలని కూడా అంది.

మేము వెళ్ళిన రోజు గాలి దక్షిణం నుంచి సరిగ్గా ఆ పాటిగా ఉంది. ఎండ నడినెత్తిన. దిబ్బ మొదట్లో ఉండగానే స్వరం చెవిన పడింది. ధర్మలింగం దారంతా ఏదో ఒకటి మాట్లాడుతున్నవాడు మాట మింగేశాడు. కంబం చుట్టూ ఇసుకలో పడవ మనుషులు నిలబడి ఉన్నారు. కూర్మయ్య గడ్డం మాసి ముసలివాడైపోయాడు. పైడన్న విరిగిన చేతిని మెడకు వేలాడేసుకుని అందరికంటే వెనక ఉన్నాడు. కాసమ్మ తెడ్డు పట్టుకుని కంబం మొదట్లో నిలబడింది.

జరపడం వద్దని కూర్మయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ స్వరంలో మాట్లాడకూడదు గనుక చెయ్యి మాత్రం అడ్డంగా ఊపాడు. కాసమ్మ తల అడ్డంగా తిప్పింది. ఆయన మళ్ళీ వెనక్కి జరిగాడు.

ధర్మలింగం నిచ్చెన ఎక్కాడు. బరువు నడుమ పట్టు మీద పట్టకారు వేసి మర సడలించగానే స్వరం ఒక్కసారి వణికింది, గొంతు జీరపోయినట్టు. తర్వాత మళ్ళీ కుదురుకుంది. కాసమ్మ కళ్ళు మూసుకుంది. చెయ్యి కంబం మీద ఉంది, పెదవులు మూసి ఉన్నాయి. ఆ స్వరాన్ని తానూ లోలోపల తీస్తోందేమో అనిపించింది. పైన సీసం ముద్దలు కొద్దిగా కదిలాయి, కంబం వైపు జరిగాయి.

స్వరం తెగింది.

గాలి అలాగే వీస్తోంది, కాసమ్మ చీర కొంగు ఎగురుతోంది. ఆ తెగిన క్షణంలో నేను చూసింది ఇది. కంబం చుట్టూ నిలబడ్డ మగవాళ్ళందరి చేతులూ, ఒకరినొకరు చూసుకోకుండానే, ఒక్కసారి నడుము ఎత్తుకు లేచి ముందుకు తెరుచుకున్నాయి. వేళ్ళు విచ్చుకున్నాయి. వట్టి ఇసుక మీద లేని వల దిగిపోయింది. పైడన్న కుడి చెయ్యి ఒక్కటే తెరుచుకుంది, విరిగిన చేతి వేళ్ళు గుడ్డలోనే కదిలాయి. అలా తెరిచిన చేతులతో కొంతసేపు నిలబడి, తర్వాత ఎవరి చేతులు వాళ్ళు వింతగా చూసుకున్నారు. ఎవరో పడమటి వైపు మొహం తిప్పుకుని ఏడ్చారు.

ధర్మలింగం పైనుంచి అది చూశాడు. మర బిగించి గబగబా దిగాడు. నిచ్చెన భుజానికెత్తుకుని, మంచినీళ్ళిస్తామన్నా ఆగకుండా వెళ్ళిపోయాడు. ఆ దిబ్బ మీది పనికి మళ్ళీ అతను రాలేదు, వేరేవాళ్ళను పంపేవాడు.

కాసమ్మ కళ్ళు తెరిచింది. పైడన్న దగ్గరికి నడిచి తెడ్డు అతని కుడి చేతిలో పెట్టింది. అతను పుచ్చుకుని, ఏం చెయ్యాలో తెలియక, పిడిని చెవి దాకా తీసుకుపోయి ఆపేశాడు.

"నీళ్ళలో ఎట్టాక యినాల్రా, ఇక్కడేటి యింటావు" అంది కాసమ్మ. చాలాకాలానికి అక్కడ ఎవరో నవ్వారు.

పొద్దు వాలకముందే పడవను నీళ్ళలోకి తోశారు. నేను ఒడ్డునే ఉండి చూశాను. కెరటాలు దాటాక పడవ ఆగింది, తెడ్డు నిలువుగా దిగింది. అంత దూరం నుంచి ఏమీ వినబడదు. కానీ ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు. తర్వాత వల దిగింది. ఆ రోజు చేపలు పడ్డాయి, మరీ ఎక్కువ కాదు. చెవిటి పడవ అని మళ్ళీ ఎవరూ అనలేదు.

గాజుల మాట మిగిలింది. తెడ్డు ఇచ్చింది గనుక మొగుడు లేడని ఒప్పుకున్నట్టే అని ఊరి పెద్దలు అనుకున్నారు. ఆ మాట అడగడానికి కూర్మయ్యనే పంపారు. నేను సరుకు దించిస్తూ అక్కడే ఉన్నాను. కూర్మయ్య మామూలుగా గుటకలు మింగి, నేల చూపు చూసి, గాజుల సంగతేం చేశావమ్మా అని అడిగాడు.

కాసమ్మ చేపలు ఎండబోస్తోంది. చెయ్యి ఆపలేదు.

"ఉండమన్నాడు, ఉన్నాను బావా. తెగ్గానే దింపాలన్నారు, దింపీసినాను. తెడ్డు మీ సేతికొచ్చీసింది. గాజుల మాట మాత్రం ఆ మనిసి ఏటీ అన్నేదు."

ఆ పడవలో ఎన్నో ఏళ్ళు ఆ స్వరానికి వల మీద చేతులు ఆపుకున్నవాడు కూర్మయ్య, ఆ మాట కాదనలేకపోయాడు. నిజమే, అందులో గాజుల మాట లేదు. వెళ్ళి పెద్దలకు అదే చెప్పాడు. వాళ్ళకూ జవాబు దొరకలేదో, అడగడానికి మళ్ళీ ఎవరూ ఒప్పుకోలేదో, ఆ మాట అక్కడితో అణిగిపోయింది.

సూరన్న సంగతి ఆ తర్వాత కూడా ఏమీ తెలియలేదు. కాసమ్మ ఎప్పట్లాగే బరంపురం వచ్చేది, గుళ్ళు చెవి దగ్గర తాటించేది, నా సీసంలో గాలి ఉందనేది. ఆ కంబానికి చెవి ఆనించడం మాత్రం నేను మళ్ళీ చూడలేదు. అక్కడ తీగ ఇప్పుడు ఏ గాలికీ పలకదు. ఆ దారిన పోయేవాళ్ళు పాత అలవాటు కొద్దీ ఇంకా మాట ఆపే దాటుతారు. ఆ నిశ్శబ్దంలో గంప తల మీద పెట్టుకుని కాసమ్మ ఒక్కతే దిబ్బ ఎక్కుతుంటే, గంప పట్టుకున్న చేతి గాజులు అడుగడుక్కీ మోగుతూ ఉండేవి. దిబ్బ మీద చప్పుడు అంటూ ఉంటే అదే.